యాభై దాటాక బాస్ గిటార్

దావీదు మందసాన్ని యెరూషలేముకు తెచ్చిన రోజున వాద్యాలు వాయించినవారి పేర్లు లేఖనంలో వరుసగా కనిపిస్తాయి. ఎనిమిదిమంది స్వరమండలాలు పట్టుకున్నారు. మరో ఆరుగురు సితారాలు పట్టుకుని ‘షెమినీతు’ చొప్పున వాయించారు (1 దిన. 15:20, 21). ఆ హీబ్రూ మాటకు ‘ఎనిమిదవది’ అని అర్థం. ఒక స్థాయి కిందికి దిగి, అంటే మంద్రంలో వాయించడమని పండితులు పలువురు చెబుతారు. ఆ ఆరుగురిలో ఓబేదెదోము ఒకడు. అదే అధ్యాయంలో ద్వారపాలకుల్లోనూ అతని పేరుంది. రెండూ ఎవరూ పెద్దగా గమనించని పనులే. మనిషి లేనిరోజున మాత్రం వెలితి తెలిసిపోతుంది.

నేటి ఆరాధనలో ఆ పని బాస్ గిటార్‌ది. మా వరంగల్, హనుమకొండ, కాజీపేట సంఘాల్లో కీబోర్డు, రిథమ్ ప్యాడ్ లేనిచోటు అరుదు. బాస్ గిటార్ మాత్రం తక్కువ. మా సంఘానికి ఒకరు కానుకగా ఇచ్చినది ఏడాదిపాటు గోడకు ఆనుకుని ఉండిపోయింది. యువకులందరికీ లీడ్ గిటారే కావాలి మరి! చివరికి యాభై దాటిన నేనే దాన్ని పట్టుకున్నాను. యాభై ఏళ్లు నిండిన లేవీయుడు సేవ పని నుంచి విరమించుకోవాలంటుంది ధర్మశాస్త్రం (సంఖ్యా. 8:25). దాదాపు నాలుగు కిలోల వాద్యాన్ని గంటసేపు భుజాన మోశాక ఆ నియమంలోని కనికరం బాగా అర్థమైంది.

వాద్యాల్లో ఇది చిన్నవయసుదే. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తయారుచేసిన నమూనాతో లోకమంతటా పాకింది. అంతకుముందు నిలువెత్తు డబుల్ బాస్ ఉండేది. దానికి మెట్లుండవు, స్వరస్థానాన్ని చెవితోనే పట్టుకోవాలి. ఫెండర్ మెట్లు బిగించాడు. లావు తీగ నుంచి సన్నతీగ దాకా ఇ, ఎ, డి, జి అని నాలుగు తీగలు. మొదటి మెట్టే దాదాపు రెండంగుళాల వెడల్పు. మెట్టుకో వేలు చాచమంటే పెద్దవాళ్ల చెయ్యి మొరాయిస్తుంది. అక్కడ చూపుడు, మధ్య, చిటికెన వేళ్లతో నెట్టుకురావడం మేలు. డబుల్ బాస్ విద్వాంసుల పాత పద్ధతీ ఇదే. కొన్ని వారాలు వేలికొనలు మండుతాయి, తరువాత కాయకాస్తాయి.

జి శ్రుతిలో పాటకు మూడు చోట్లు తెలిస్తే మొదలుపెట్టవచ్చు. లావు తీగ మూడో మెట్టున జి, పక్కనున్న ఎ తీగ మూడో మెట్టున సి, ఐదో మెట్టున డి. అయితే మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంగతి వేరు. అక్కడ పాట పైన రాగం, తాళం ఉంటాయిగానీ కార్డులుండవు. పురుషోత్తమ చౌదరి (1803-1890) గారి వంటి భక్తులు కట్టిన కీర్తనలకు బాస్ పరుగులు తీస్తే రాగం చెడుతుందని నా అభిప్రాయం. తంబురాలాగా షడ్జమ పంచమాల దగ్గర నిలిస్తే చాలు.

నాకు నేర్పుతున్న గురువుకు పందొమ్మిదేళ్లు. సండేస్కూల్లో నా దగ్గర ఆదికాండం విన్నవాడే. “అయ్యగారూ, స్వరం తప్పినా ఫరవాలేదండీ, తాళం తప్పొద్దు. ముందు కాలు తట్టండి” అంటాడు. వేళ్ల నొప్పికన్నా ఆ మాట వింటూ కూర్చోవడమే కష్టం. దేవుని మందిరంలో గానం నేర్చిన 288 మందీ పిన్నా పెద్దా, గురువూ శిష్యుడూ అనే భేదం లేకుండా వంతులకు చీట్లు వేసుకున్నారు (1 దిన. 25:7, 8).

మన సంఘాల్లో పెద్దలకూ యువకులకూ ఎక్కువ తగవులొచ్చేది సౌండ్ దగ్గరే. వెనుక బెంచీ నుంచి “తగ్గించండి” అని చీటీ వస్తుంది. యువకుల ముఖాలు మాడతాయి. కొన్నాళ్లకు వారిలో ఒకరిద్దరు రావడం మానేస్తారు. కాపరికి అది చిన్న నష్టం కాదు. ఇప్పుడు మా సంఘపెద్ద ఒకాయన, రైల్వేలో రిటైరైనవారు, శనివారం సాధనకు వచ్చి కూర్చుంటున్నారు. మాటలు వినబడటం లేదని ఆయన అంటే మా గురువు వివరించాడు: “బాస్ మోగేటప్పుడు కీబోర్డు ఎడమచెయ్యి ఎత్తెయ్యాలండీ. రెండూ ఒకేచోట మోగితే పాట మూసుకుపోతుంది.” కీబోర్డు అబ్బాయి చెయ్యెత్తాడు. పెద్దాయన తలూపారు. ఆ తరువాత చీటీ రాలేదు.

ఈ వారం రూపకతాళంలో ఒక కీర్తన ఎత్తుకున్నాం. నాలుగు లెక్కకు అలవాటుపడిన నా కాలు ఇంకా మాట వినడం లేదు.