డబ్బాలో పురుగు ఎక్కడిది?

వదినలూ, చెల్లెళ్ళూ! బియ్యం డబ్బా మూత తీసి, "మొన్ననేగా చెరిగి పోశాను, ఇవెక్కడినుంచి ఊడిపడ్డాయమ్మా!" అని విసుక్కోని ఇల్లాలు ఉంటుందా? నా పుట్టిల్లు గుడివాడ వైపు, అత్తవారిది దివిసీమ, కాపురం బందరులో. సముద్రపు గాలికి ఇంట్లో ఎప్పుడూ చెమ్మే. ఈ పురుగులతో నాకు ఇరవై ఏళ్ళ పరిచయం.

ఈసారి ఒకదాన్ని తెల్లకాగితం మీద వేసి చూడండి. కదిలిస్తే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది. రెండు నిమిషాలాగితే లేచి నడుస్తుంది, మహా నటి! తల, ఛాతీ, పొట్ట అని మూడు భాగాలు, ఆరు కాళ్ళు, రెండు మీసాలు. కీటకం గుర్తు ఇదే. ఎనిమిది కాళ్ళ సాలీడూ, తేలూ, వానల్లో గోడలెక్కే రోకలిబండా కీటకాలు కావు. మన బియ్యప్పురుగు పెంకు పురుగుల జాతి. ముందు రెక్కలు గట్టిపడి పెంకుల్లా వెనక రెక్కల్ని కప్పుతాయి. శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన పెంకు పురుగులే సుమారు 4 లక్షల రకాలు. వీటికి ఊపిరితిత్తులుండవు. ఒంటి పక్కనున్న సన్నటి రంధ్రాల గుండా గాలి పీలుస్తాయి.

బియ్యప్పురుగుకి ముందుకి పొడుచుకొచ్చిన తొండం ఉంటుంది. ఆ తొండం కొసనున్న నోటితో ఆడపురుగు గింజకి చిల్లిపెట్టి, లోపల గుడ్డు పెట్టి, జిగురుతో పూడ్చేస్తుంది. మనం ఎంత చెరిగినా ఆ గింజ మంచి గింజలాగే ఉంటుంది! లోపలి పిల్ల గింజనే తిని పెరిగి నెల రోజులకి బయటికొస్తుంది. మొన్న చెరిగినా ఇవాళ పురుగు కనబడే రహస్యం అదీ.

మినుముల్ని పుచ్చబెట్టే పురుగు వేరు. దానికి తొండం లేదు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. తెల్లటి గుడ్లని గింజపైనే అతికిస్తుంది. పిల్ల గింజలోకి తొలుచుకుపోయి, పెద్దదయ్యాక గుండ్రటి మూత తీసినట్టు బయటపడుతుంది. పెద్ద పురుగుకి తిండే అక్కర్లేదు. బతికే ఒకటి రెండు వారాల్లో గుడ్లు పెట్టడమే దాని పని. అసలు సంగతేమిటంటే, చేలో కాయ పండేటప్పుడే ఇది గుడ్లు పెట్టగలదు. అంటే పురుగుని మనమే బస్తాలో కట్టి ఇంటికి తెచ్చుకుంటున్నామన్నమాట.

ఇది తెలియకే 2006లో నా వల్ల పెద్ద నష్టం జరిగింది. మా వైపు వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలోనే మినుములు చల్లుతారు. మార్చిలో వచ్చిన విత్తనం నవంబరు దాకా దాచాలి. మా అత్తయ్యగారు కుండలో బూడిద కలిపి దాచేవారు. నేను "ఇదేం పాతకాలం!" అని సరిగా ఎండబెట్టకుండానే ప్లాస్టిక్ డ్రమ్ములో పోసేశాను. కార్తీకంలో మూత తీస్తే చిల్లుల గింజలూ, పిండీ! చల్లడానికి దోసెడు మంచి గింజలు లేవు. ఆవిడ తిట్టలేదు. "1977 ఉప్పెన కూడా సరిగ్గా చల్లే రోజుల్లోనే వచ్చిందే అమ్మాయ్, ఇంట్లో గింజ మిగల్లేదు. అప్పట్నించీ విత్తనమంటే నాకు భయం" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

బూడిదలో కిటుకుంది చూశారా! గింజల సందుల్ని పూడ్చి పురుగుని కదలనివ్వదు, ఒంటిమీది పొరని గీరి ఎండగడుతుంది. కందులకీ, పప్పులకీ ఆముదం రాయడమూ అంతే. నూనె గుడ్డుకి గాలి అందకుండా చేస్తుంది. కిలోకి టీస్పూను చాలు, అన్ని గింజలకీ అంటాలి. ముందు గింజ పంటికింద టక్కుమనేలా ఎండాలి. ఎండలో పోస్తే పెద్ద పురుగులు నీడకి పారిపోతాయి. అది చూసి వదిలేయకండి, పల్చగా పరిచి బాగా కాగనివ్వండి. వేడి చల్లారాకే డబ్బాకెత్తాలి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. రవ్వ, కొద్దిపాటి పప్పూ అయితే వారం రోజులు ఫ్రీజర్లో పెట్టండి. పుచ్చినవాటితో సున్నుండలు మాత్రం చేయకండి, కోళ్ళకి వేయండి.

గోదాముల్లో వాడే విషపు బిళ్ళలు ఎవరైనా తెచ్చిస్తామన్నా ఇంట్లో పెట్టనివ్వకండి. వాటి గ్యాసు పురుగునే కాదు, పక్కగదిలో పడుకున్న పిల్లల్నీ చంపుతుంది.

అత్తయ్యగారికిప్పుడు చూపు ఆనదు. అయినా నేను కుండ మూత కట్టేముందు నాలుగు గింజలు ఆవిడ చేతిలో పెడతాను. కొరికి చూసి, "ఇంకో రోజు ఎండనీ" అంటారు.