సూరత్‌లో ఒక కులం హాస్టల్ ఏం చేసింది?

సూరత్ అనగానే మనకు చీరలు, వజ్రాలు, పవర్‌లూమ్‌లు గుర్తొస్తాయి. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ పల్లెల్లో చేతిమగ్గం కూడు పెట్టడం మానేశాక పద్మశాలీ కుటుంబాలు బతుకుదెరువుకు వెళ్లిన ఊళ్లలో షోలాపూర్, భివండీల సరసన అదీ ఒకటి. లింబాయత్ వైపు సందుల్లో తెలుగు వినబడుతుంది. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇలాంటి చోట ఒక సంఘం తన పిల్లల కోసం, యువకుల కోసం ఏదైనా చేయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ ఊళ్లోనే నూరేళ్లకు పైబడిన అనుభవం ఒకటి ఉంది. అది మనవాళ్లది కాదు, గుజరాత్ రైతు కులమైన పాటీదార్లది.

1907 డిసెంబరులో సూరత్ కాంగ్రెస్ సభలో చెప్పు విసిరిన గొడవ, మితవాదులూ అతివాదులూ విడిపోవడం మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. పాఠ్యపుస్తకాలకు ఎక్కనిది ఆ మరుసటి ఏడాది జరిగింది. 1908లో కున్వర్జీ మెహతా అనే యువకుడు మిత్రులతో కలిసి పాటీదార్ యువక్ మండల్ పెట్టారు. ఆయన తమ్ముడు కల్యాణ్‌జీ ఆ పనిలో కుడిభుజం. ఉద్దేశం చాలా చిన్నది. అప్పటిదాకా కణబీలు అనిపించుకున్న రైతులు పాటీదార్లుగా గౌరవం పొందాలి, శాఖాభేదాలు తగ్గాలి, పెళ్లిళ్లకూ చావులకూ చేసే దండగ ఖర్చు మానాలి, పిల్లలు చదువుకోవాలి. ఈ మాటలు ఊరూరికీ చేరడానికి 'పటేల్ బంధు' అనే పత్రిక నడిపారు. 1911లో సూరత్‌లో పాటీదార్ ఆశ్రమం తెరిచారు. పేరుకే ఆశ్రమం. చేసింది విద్యార్థి వసతి గృహం పని.

హాస్టలే ఎందుకు? పల్లెలో ప్రాథమిక బడి దాటితే పై చదువుకు సూరత్ రావాలి. పత్తి పండించే రైతు దగ్గర ఫీజుకు నాలుగు రూపాయలు ఉండొచ్చు. పట్నంలో పిల్లవాడికి వేళకింత అన్నం పెట్టి, సాయంత్రం పుస్తకం తీశాడో లేదో చూసే మనిషి మాత్రం ఉండడు. చుట్టం ఇంట్లో ఎన్నాళ్లు ఉంచుతారు? పల్లె పిల్లల చదువు ఆగిపోయేది తరచుగా ఇక్కడే. బడి కట్టడానికి సర్కారు ఉంది, పుస్తకానికి అంగడి ఉంది. ఈ మధ్యలో ఉన్న ఖాళీ ఎవరిదీ కాదు. దాన్ని మెహతా సోదరులు పట్టుకున్నారు. దాదాపు అదే కాలంలో అనావిల్ బ్రాహ్మణుల పిల్లల కోసం దయాళ్‌జీ దేశాయి అనావిల్ ఆశ్రమం నడిపారు. తర్వాతి రోజుల్లో దయాళ్‌జీ, కల్యాణ్‌జీ ఎంత కలిసి పనిచేశారంటే జనం వాళ్లను 'దాలూ-కాలూ' జోడీ అనేవారు.

కులం పేరున పెట్టిన సంస్థను ఈ రోజుల్లో మెచ్చుకోవడం కాస్త ఇబ్బందే. ఆ ఇబ్బంది సంగతికి తర్వాత వస్తాను. ముందు ఈ హాస్టళ్లు ఏమయ్యాయో చూద్దాం.

1915లో గాంధీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వచ్చారు. సూరత్ జిల్లా నుంచి అక్కడికి వలస వెళ్లినవాళ్లు చాలామంది. వాళ్లలో ఆయన పోరాటాలు కళ్లారా చూసినవాళ్లూ ఉన్నారు. మెహతా సోదరులు త్వరలోనే ఆయన మనుషులయ్యారు. పిల్లలకు పై చదువులు చెప్పించాలని పెట్టిన హాస్టల్ సహాయ నిరాకరణ రోజుల్లో సర్కారు చదువునే వదిలేయమనే చోటు అయింది. 1922లో సూరత్ జిల్లాలోని బార్డోలీలో తలపెట్టిన సత్యాగ్రహాన్ని చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీ ఆపేశారు. ఆగింది పోరాటమే, మనుషులు అక్కడే ఉన్నారు. బార్డోలీ తాలూకా భూమి శిస్తు సుమారు 22 శాతం పెంచినప్పుడు, 1928లో వల్లభ్‌భాయ్ పటేల్ దగ్గరికి వెళ్లి నాయకత్వం వహించమని అడిగినవాళ్లలో కున్వర్జీ, కల్యాణ్‌జీ ఉన్నారు.

బార్డోలీ గెలుపును సాధారణంగా పటేల్ దక్షతగా చెప్తారు. ఆయనకు సర్దార్ అనే పేరు అక్కడే స్థిరపడింది. నా దృష్టిలో ఆ గెలుపులో సగం పని హాస్టల్ చేసి పెట్టింది. శిస్తు కట్టకపోతే పశువులను జప్తు చేస్తారు, భూమి వేలం వేస్తారు. ఒక్క ఊరు జంకినా పక్క ఊరు జారిపోతుంది. అందుకని ప్రతి ఊళ్లో నమ్మకమైన మనిషి కావాలి, కబురు రోజూ చేరాలి, ఎవరు గట్టిగా ఉన్నారో, ఎవరు ఊగుతున్నారో తెలియాలి. దాదాపు పదిహేడేళ్లుగా పిల్లలను చేర్చుకుంటూ, సెలవులకు ఇళ్లకు పంపుతూ, చందాలకు తిరుగుతూ, పత్రిక పంచుతూ వచ్చిన సంస్థకు ఆ ఊళ్లన్నీ తెలుసు. అంత పరిచయం ఉపన్యాసాలతో ఆరు నెలల్లో పుట్టేది కాదు. చివరికి విచారణ జరిగి పెంపు 6 శాతం దగ్గరికి దిగింది.

మనకూ ఇలాంటి కథ ఉంది. 1918లో హైదరాబాద్‌లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి రెడ్డి హాస్టల్ పెట్టించారు. ఆయన తర్వాత నగర కొత్వాల్ అయ్యారు, నిజాంకు నమ్మకస్తుడు. హాస్టల్ బాధ్యత చూసిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. ఆ హాస్టల్‌లో ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డి నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి నాయకుడయ్యారు. కొత్వాల్ గారు కలలో కూడా అనుకుని ఉండరు! అక్కడా ఇక్కడా హాస్టల్ పక్కనే పత్రిక ఉంది, రెండు చోట్లా హాస్టల్ పెట్టినవాళ్ల అంచనాను పిల్లలు దాటిపోయారు. యువకులను ఒక చోట చేర్చి, తిండికి దిగులు లేకుండా చేసి, చేతికి పత్రిక ఇస్తే ఆ తర్వాత వాళ్లేం ఆలోచిస్తారో నియమావళిలో రాసిపెట్టడం కుదరదు.

ఇప్పుడు ఆ ఇబ్బంది సంగతి. పాటీదార్ల పొలాల్లో దున్నింది దుబ్లా ఆదివాసులు. పెళ్లికి తీసుకున్న అప్పు కింద తరతరాలు ఒకే ఇంటికి కట్టుబడి చాకిరీ చేసే హాలీ పద్ధతి అక్కడ ఉండేది. శిస్తు అన్యాయమని పోరాడిన రైతు ఇంటి వెనకే ఆ అన్యాయం ఉంది. ఆశ్రమం దుబ్లాల పిల్లల కోసం పెట్టింది కాదు, ఆడపిల్లల కోసమూ కాదు. గాంధీ అనుచరులు, ముఖ్యంగా వేడ్ఛీలో స్థిరపడిన జుగత్‌రామ్ దవే వంటివారు, దుబ్లాలూ ఇతర ఆదివాసులూ ఉండే పల్లెల్లో పని చేశారు నిజమే. కానీ భూమి ఉన్నవాడి కొడుకుకు హాస్టల్, లేనివాడి కొడుకుకు దయ అన్న తేడా మిగిలిపోయింది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, దళిత పిల్లలకు బడులు నడపడానికి పడ్డ పాట్లు చూస్తే ఈ తేడా ఎంతో తెలుస్తుంది. రెడ్డి హాస్టల్‌కు సంస్థానాధీశుల, దొరల విరాళాలు అందాయి. వర్మ గారికి అలాంటి వెన్నుదన్ను ఎక్కడిది? డబ్బున్న కులం తన పిల్లలను తాను చూసుకోగలదు. డబ్బు లేని కులానికి అదే సలహా ఇస్తే అది వెటకారమవుతుంది.

సూరత్ తెలుగు కుటుంబాలు ఈ రెంటికీ మధ్యలో ఉన్నాయి. మగ్గం మీద పన్నెండు గంటలు నిలబడే తండ్రి కూలివాడే, దొర కాదు. షోలాపూర్ మాత్రం ఒక దారి చూపింది. అక్కడి పద్మశాలీలు పద్మశాలీ శిక్షణ సంస్థ పేరున సొంత విద్యాసంస్థలు నిలబెట్టుకున్నారు. సూరత్‌కు అంతకంటే చిన్న పనులే ముందు కావాలి. ప్రాథమిక బడిలో తెలుగులో చదివిన పిల్లకు పై తరగతుల్లో గుజరాతీయో హిందీయో ఇంగ్లీషో ఎదురవుతుంది. ఆ మార్పు దగ్గర చేయి పట్టుకునే సాయంత్రపు తరగతి కావాలి. ఒకే గదిలో వంట, నిద్ర, పక్కనే మగ్గాల మోత ఉన్న ఇళ్ల పిల్లలకు కూర్చుని చదువుకునే గది కావాలి. పదో తరగతి తప్పిన కుర్రవాడు మర్నాడే షెడ్డులో చేరిపోకుండా ఐటీఐ దరఖాస్తు నింపి పెట్టే మనిషి కావాలి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ వదిలి రైళ్లెక్కారు. అటువంటి రోజున ఎవరు ఎక్కడున్నారో చెప్పగల సంఘం కూడా ఇలాంటి రోజువారీ పనిలోంచే తయారవుతుంది.

సూరత్‌లోని తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. బతుకమ్మకు, మార్కండేయ జయంతికి చందాలు వసూలు చేసినప్పుడు అందులో ఒక వాటా ముందే తీసి, ఏడాది పొడవునా తెరిచి ఉండే ఒక్క చదువుల గది అద్దెకు తీసుకోండి. గుమ్మం మీద ఏ కులం పేరూ రాయకండి. అమ్మాయిలు రాగలిగే వేళల్లో దాన్ని తెరవండి.