పంటి నొప్పి తగ్గినా ముప్పు తగ్గినట్లు కాదు: గాలి సోకని చోట పెరిగే బ్యాక్టీరియా

కొన్ని రోజులు తీవ్రంగా బాధించిన పంటి నొప్పి చికిత్స లేకుండానే ఒక్కసారిగా తగ్గిపోతే, సమస్య తీరిందని చాలామంది భావిస్తారు. అయితే పంటి లోపలి నరం, రక్తనాళాలు నశించినప్పుడు కూడా నొప్పి ఆగిపోతుంది. రక్తప్రసరణ నిలిచిన ఆ భాగానికి ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ లేకుండానే జీవించే అవాయు బ్యాక్టీరియాకు అదే అనువైన ఆవాసం.

పాచి పొరల్లోనే మొదలు

మానవుని నోటిలో 700కు పైగా బ్యాక్టీరియా జాతులను శాస్త్రవేత్తలు గుర్తించారు. దంతాలపై తొలుత స్థిరపడే స్ట్రెప్టోకాకస్ వంటివి ఆక్సిజన్‌ను వినియోగించుకుంటాయి. పాచి మందమయ్యే కొద్దీ లోపలి పొరల్లో ఆక్సిజన్ తగ్గి, ఫ్యూసోబ్యాక్టీరియం, ప్రివొటెల్లా, పోర్ఫిరోమోనాస్ వంటి అవాయు జాతులు చేరతాయి. చిగురుకూ పంటికీ మధ్య సందు ఆరోగ్యవంతుల్లో సాధారణంగా 3 మిల్లీమీటర్లకు మించదు. చిగుళ్ల వ్యాధితో అది లోతైతే బ్రష్ అక్కడికి చేరదు. ఈ బ్యాక్టీరియా ప్రొటీన్లను విచ్ఛిన్నం చేసేటప్పుడు వెలువడే గంధక వాయువులే నోటి దుర్వాసనకు ప్రధాన కారణం.

మందు ఒక్కటే ఎందుకు చాలదు?

యాంటీబయాటిక్ రక్తం ద్వారానే ప్రయాణిస్తుంది. నిర్జీవమైన పంటి లోపలికి, చీముగడ్డ మధ్యభాగానికి అది తగినంతగా చేరదు. అందుకే చీమును తొలగించడం, రూట్ కెనాల్ చేయడం లేదా పన్ను తీసివేయడం అసలు చికిత్స. మందులు దానికి తోడ్పాటు మాత్రమే.

ఈ ఇన్ఫెక్షన్లలో విరివిగా వాడే మెట్రోనిడజోల్ తొలుత ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిపై వాడిన మందు. ఆ చికిత్స పొందిన ఒక మహిళకు చిగుళ్ల పుండ్లు కూడా నయమైనట్లు 1962లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది. ఆక్సిజన్ లేని కణాల్లోనే ఈ మందు క్రియాశీలమై వాటి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. ఆక్సిజన్‌ను వాడుకునే స్ట్రెప్టోకాకస్‌పై దీని ప్రభావం ఉండదు. నోటి ఇన్ఫెక్షన్లలో రెండు రకాలూ కలిసి ఉండటం సాధారణం కనుక, ఏ మందు అవసరమో వైద్యులే నిర్ణయించాలి.

ఈ లక్షణాలుంటే అత్యవసరం

కింది దవడ పళ్ల నుంచి ఇన్ఫెక్షన్ నాలుక కిందికి, మెడలోకి వ్యాపిస్తే 'లుడ్విగ్స్ ఆంజైనా' అనే ప్రాణాంతక స్థితి ఏర్పడవచ్చు. జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్విగ్ 1836లో దీనిని వర్ణించారు. వాపు పెరిగితే శ్వాసమార్గం మూసుకుపోతుంది. మధుమేహం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. గడ్డం కింద గట్టి వాపు, నోరు తెరవలేకపోవడం, మింగడంలో ఇబ్బంది, ఊపిరాడకపోవడం వంటి లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.