వేసవిలో కంప్యూటరు ఆటలు ఎందుకు తడబడతాయి?

సూర్యాపేటలోను, కోదాడలోను, మిర్యాలగూడలోను ఏప్రిలు మాసము సగము గడిచేసరికి కొన్ని ఇండ్లలో ఒక ఫిర్యాదు వినవస్తుంది. పరీక్షలు ముగించుకొన్న పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఆట మొదలైన పది నిమిషములు బాగానే సాగుతుంది. ఆ తరువాత తెరమీది మనిషి పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఒక్క లిప్త ఆగి, ఉన్నట్టుండి రెండు గజములు ముందుకు దూకుతాడు. మలుపు తిరగవలసిన కారు తిరగక గోడకు తగులుతుంది. సంక్రాంతికి ఇదే కంప్యూటరు ఇదే ఆటను చక్కగా ఆడించినది. "యంత్రము పాతబడినది, కొత్త గ్రాఫిక్సు కార్డు వేయవలెను" అని ఎవరైనా చెప్పితే నమ్మశక్యముగానే ఉంటుంది. ఇంటి పెద్ద ఇరవై ముప్పై వేలు ఎక్కడనుంచో తెచ్చి కార్డు కొన్న తరువాత కూడ ఆట తడబడుతూనే ఉన్నదంటే, లోపము మరొకచోట ఉన్నదన్నమాట. ఆ చోటు కనిపెట్టడానికి పదవ తరగతి భౌతికశాస్త్రము చాలును.

తెరమీది చలనము నిజముగా చలనము కాదు. వెంటవెంటనే మారే నిశ్చల చిత్రముల వరుస అది. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు సరిపోతాయి, ఎందుకనగా చూసేవారు చూస్తారే గాని బొమ్మను నడపరు. ఆటలో మీట నొక్కిన వెంటనే ఫలితము కనబడవలెను. అందుచేత సెకనుకు 60 బొమ్మలు మంచి ప్రమాణముగా ఎంచుతారు. అనగా ఒక్కొక్క బొమ్మ తయారీకి దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకనులు మాత్రమే. ఇండ్లలో సామాన్యముగా ఉండే తెరమీద అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. సెకనుకు 60 బొమ్మల లెక్కన 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయించవలెను. ఏ వస్తువు ఎక్కడ ఉన్నది, ఎవరు ఎటు కదిలినారు అన్న లెక్క ప్రాసెసరుది. రంగులు దిద్దే పని గ్రాఫిక్సు కార్డుది. పెండ్లి పంక్తిలో వంటవాడు ఎంత చురుకైనవాడైనా వడ్డించేవాడు నెమ్మదిగా ఉంటే విస్తళ్ళు ఖాళీగానే ఉంటాయి. ఇక్కడా అంతే.

సగటును చూసి మోసపోరాదు. ఒక సెకనులో 50 బొమ్మలు వచ్చినవన్నంత మాత్రాన అవి సమానమైన ఎడములతో వచ్చినవని కాదు. నడుమ ఒక్క బొమ్మ 200 మిల్లీసెకనులు ఆలస్యమైతే కన్ను దానినే పట్టుకొంటుంది. సెకనుకు 40 బొమ్మలైనా నిలకడగా వస్తే, 70కి 25కి మధ్య ఊగులాడే ఆటకన్న అది హాయిగా ఉంటుంది.

కాబట్టి మొదట గమనించవలసినది ఆట ఎంత నెమ్మదిగా ఉన్నది అని కాదు, ఎప్పుడు నెమ్మదించినది అని. మొదటి నిమిషము నుంచి మందముగా ఉంటే ఒక కారణము. కొత్త ప్రదేశములోనికి ప్రవేశించినప్పుడు మాత్రమే ఆగితే మరొకటి. పది ఇరవై నిమిషముల తరువాత మొదలై, కాసేపు ఆపి మళ్ళీ మొదలుపెడితే కొంతసేపు బాగుంటే ఇంకొకటి. చివరి లక్షణము వేడిమిది. ఈ మూడు ఊళ్ళలో ముందుగా అనుమానించవలసినది దానినే.

ప్రాసెసరు తీసుకొన్న విద్యుచ్ఛక్తి దాదాపు అంతా ఉష్ణముగా మారుతుంది. ఒక వస్తువు తన చుట్టుప్రక్కల గాలికి ఉష్ణము నిచ్చే వేగము, ఆ రెంటి ఉష్ణోగ్రతల భేదముమీద ఆధారపడి ఉంటుందని న్యూటన్ 1701లో చెప్పినాడు. ఓము నియమము ఎరిగిన విద్యార్థికి ఇది సులభము. ఉష్ణోగ్రతల భేదము వోల్టేజి వంటిది, ఉష్ణప్రవాహము కరెంటు వంటిది. నడుమ ఉన్న లోహపు రెక్కలు, ఫ్యాను కలిసి ఒక నిరోధము. ఆ నిరోధము వాటు ఒక్కింటికి 0.5 డిగ్రీ అనుకొందురు గాక. ప్రాసెసరు 100 వాట్లు తీసుకొంటే అది గాలికన్న 50 డిగ్రీలు వేడిగా ఉంటుంది. జనవరిలో గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలైతే ప్రాసెసరు 75 దగ్గర నిలుస్తుంది. మేలో గది 42 డిగ్రీలైతే 92. ఎక్కువ ప్రాసెసర్లకు 90కి 100కి నడుమ హద్దు ఉంటుంది. 95 అనుకొంటే ఇంకను గండము గడిచినట్టే. ఇప్పుడు రెక్కల సందులలో దుమ్ము పేరుకొని నిరోధము 0.65 అయినదనుకోవలెను. జనవరిలో 25కు 65 కలిపితే 90. ఎవరికీ ఏమీ తెలియదు. మేలో 42కు 65 కలిపితే 107, హద్దు దాటినది.

ఈ లెక్కలోని విశేషమేమనగా, ఒక్క ఎండ చాలలేదు, ఒక్క దుమ్ము చాలలేదు. రెండూ కలిసినప్పుడే ఆట తడబడినది. సంక్రాంతికి బాగున్నది కనుక దుమ్ము కారణము కాదనే వాదము ఇక్కడనే పొరపాటు. పెట్టెలోని గాలి గది గాలికన్న మరి కొన్ని డిగ్రీలు వేడిగా ఉంటుంది కూడ.

హద్దు దాటితే ప్రాసెసరు కాలిపోదు. 2000లో వచ్చిన పెంటియం 4 మొదలుకొని ప్రాసెసర్లలో ఉష్ణోగ్రతను తామే కొలుచుకొని వేగము తగ్గించుకొనే ఏర్పాటు ఉన్నది. పై ఉదాహరణలో అది 95కు 42కు గల భేదమైన 53ను 0.65తో భాగించి వచ్చిన 81.5 వాట్లకు దిగవలసి ఉంటుంది. శక్తి వినియోగము వోల్టేజి వర్గముతోను, వేగముతోను పెరుగుతుంది. అందుచేత రెండూ కలిసి తగ్గినప్పుడు వేగములో నష్టము మొదట స్వల్పమే. పలుచని ల్యాప్‌టాపులో, లేదా రెక్కలు పూర్తిగా పూడుకొనిపోయిన పెట్టెలో, దిగవలసిన మెట్లు చాలా ఎక్కువ. అప్పుడు వేగము సగమునకు కూడ పడిపోవచ్చును. చల్లబడగానే పైకి లేచి, వేడెక్కగానే క్రిందికి దిగే ఆ ఊగులాటయే తెరమీది తడబాటు.

ఇక దుమ్ము సంగతి. నాగార్జునసాగరు ఎడమ కాలువకు 1967 ఆగస్టులో నీరు వదలిన తరువాత ఈ ప్రాంతములో వరి విస్తరించినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. వడ్ల బరువులో సుమారు అయిదవ వంతు ఊక. ఉప్పుడు బియ్యపు మిల్లులలో ఆ ఊకనే బాయిలరులో కాలుస్తారు. దాని బూడిద ఎంత తేలికయో డాబామీద బట్టలు ఆరవేసే ఇల్లాండ్రకు ఎవరూ చెప్పనక్కరలేదు. బాగా కాలిన ఊక బూడిదలో 85 నుంచి 95 శాతము వరకు సిలికాయే. అది ఉష్ణమును సరిగా ప్రసరింపజేయదు. కోదాడ దాపున హుజూర్‌నగర్, మేళ్ళచెరువు ప్రాంతములలో సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారములు ఉన్నవి. సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి రాత్రింబగళ్ళు నడుస్తుంది. నిమిషమునకు వెయ్యిసార్లకు పైగా తిరిగే ఫ్యాను ఈ గాలినంతా పెట్టెలోనికి లాగి, లోహపు రెక్కల మొదట్లో కంబళివలె ఒక పొర పరచుతుంది. ఫ్యాను తిరుగుతున్నది కదా అని చాలామంది ఊరడిల్లుతారు. ఫ్యాను తిరగడము వేరు, గాలి దూరడము వేరు.

పెట్టె ప్రక్కతలుపు తీసి బల్ల ఫ్యాను ఎదుట పెట్టడము అందరికీ తోచే ఉపాయము. ఉష్ణోగ్రత ఆ రోజుకు తగ్గుతుంది. దుమ్ము మాత్రము రెట్టింపు వేగముతో చేరుతుంది. పరీక్షగా ఒక గంట చేసి చూడవచ్చును: ఆట చక్కబడితే రోగము వేడిమి అని తేలినట్టే. వైద్యముగా మాత్రము అది పనికిరాదు. ఎయిర్‌కూలరు మేలో నిజముగా సహాయపడుతుంది. ఎండిన గాలిలో నీరు త్వరగా ఆవిరై గదిని చల్లబరచుతుంది. అయితే దాని గాలి నేరుగా కంప్యూటరు మీదికి రాకూడదు, తడి తగిలిన దుమ్ము మట్టిపెళ్ళవలె గట్టిపడుతుంది. వానలు పడి గాలిలో తేమ పెరిగిన తరువాత కూలరు ప్రభావము సన్నగిల్లుతుంది.

శుభ్రపరచడము కష్టమైన పని కాదు. ప్లగ్గు తీసి, మెత్తని పొడి బ్రష్షుతోను, చేతి బ్లోయరుతోను ఆరుబయట దుమ్ము వదిలించవలెను. టైర్లకు గాలికొట్టే దుకాణపు కంప్రెసరు గాలిలో నీటి తుంపరలు, నూనె ఉంటాయి, దానిని వాడరాదు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనవలెను. విడిచిపెడితే అది గిర్రున తిరిగి, మోటారు డైనమోగా మారి, బోర్డులోనికి కరెంటు పంపే అవకాశము ఉన్నది. ప్రాసెసరుకు, లోహపు దిమ్మకు నడుమ పూసే పేస్టు సంవత్సరములు గడిచేకొద్దీ ఎండిపోతుంది. రెండు లోహపు ముఖములు కంటికి నున్నగా కనిపించినా నడుమ సూక్ష్మమైన ఖాళీలు ఉంటాయి. ఆ ఖాళీలలో గాలి ఉన్నదంటే దాని ఉష్ణవాహకత 0.026 మాత్రమే, మంచి పేస్టుకు అదే మానములో 4 నుంచి 8 వరకు, రాగికి దాదాపు 400. ఒక్క బఠాణీగింజంత పేస్టు చాలును. ల్యాప్‌టాపు అడుగుభాగము గాని, వ్రేలితో కదిపే పలక గాని పైకి ఉబ్బినట్టు కనిపిస్తే అది దుమ్ము సంగతి కాదు, బ్యాటరీ ఉబ్బినది. వెంటనే వాడుక ఆపవలెను. దానిని నొక్కరాదు, గుచ్చరాదు.

వేడిమి కానప్పుడు మిగిలిన అనుమానములు. కొత్త ప్రదేశము వచ్చినప్పుడు మాత్రమే ఆట ఆగితే హార్డు డిస్కును చూడవలెను. నిమిషమునకు 7,200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకనులు తీసుకొంటుంది. కావలసిన సమాచారము ముల్లు క్రిందికి రావడానికి సగటున అందులో సగము. ముల్లు జరగడానికి మరి ఎనిమిదో తొమ్మిదో. ఒక్కసారి వెదకడములోనే ఒక బొమ్మకు దొరికిన 16.7 మిల్లీసెకనులలో ముప్పాతిక ఖర్చయినది. తిరిగే భాగములు లేని ఎస్‌ఎస్‌డీలో ఇది మిల్లీసెకనులో పదవ వంతుకు లోపలే. 4 జీబీ జ్ఞాపకశక్తి గల యంత్రములో, చోటు చాలక అటునిటు మోసే పని కూడ ఆ డిస్కుమీదనే పడుతుంది. విడిగా గ్రాఫిక్సు కార్డు లేని కంప్యూటరులో రంగులు దిద్దే భాగము ఈ జ్ఞాపకశక్తినే పంచుకొంటుంది. అక్కడ 8 జీబీ పలక ఒక్కటి పెట్టుటకన్న 4 జీబీ పలకలు రెండు పెట్టుట మేలు. మామూలు 3200 రకములో ఒక దారిన సెకనుకు 25.6 జీబీలు, రెండు దారులలో 51.2 జీబీలు నడుస్తాయి.

వేలు పోసి కార్డు కొన్నవారు తెర కేబులును కార్డుకు కాక, బోర్డుమీది పాత రంధ్రములోనే గుచ్చి, కార్డును ఊరక కూర్చోబెట్టిన సందర్భములు కూడ లేకపోలేదు! మొదటి నిమిషము నుంచి ఆట మందముగా ఉంటే వెనుకకు వంగి ఆ తీగను ఒకసారి చూడడము మంచిది.

"వోల్టేజి తక్కువ, అందుకే నెమ్మది" అనే మాట పల్లెలలో మోటార్ల వేళకు ఎక్కువగా వినిపిస్తుంది. బల్బు మందగించినట్టు కంప్యూటరు మందగించదు. దాని విద్యుత్తు పెట్టె ఒక మేర వరకు హెచ్చుతగ్గులను తానే సర్దుకొంటుంది. మేర దాటితే యంత్రము ఆగిపోతుంది లేదా తిరిగి మొదలవుతుంది. ల్యాప్‌టాపు సంగతి వేరు. బ్యాటరీమీద నడిచేటప్పుడు అది బుద్ధిపూర్వకముగా వేగము తగ్గించుకొంటుంది.

తన బొమ్మ హాయిగా కదులుతూ, ఎదుటివారు మాత్రము గెంతుతూ ఉంటే తప్పు కంప్యూటరుది కాదు, ఇంటర్నెట్టుది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సూర్యాపేట నుంచి ముంబాయికి సూటిగా సుమారు 750 కిలోమీటర్లు. వెళ్ళి రావడానికి కనీసము 7.5 మిల్లీసెకనులు. సింగపూరు 3 వేల కిలోమీటర్లకు పైమాటే. 30 మిల్లీసెకనులకు తగ్గదు. ఏ కార్డు కొన్నా ఈ అంకె మారదు. ఆట అమరికలలో దగ్గరి సర్వరును ఎంచుకొంటే మారుతుంది.

పాఠశాలలో చేయించదగిన పరిశీలన ఒకటి ఉన్నది. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు కలిపి నొక్కితే విండోసులో టాస్కు మేనేజరు తెరుచుకొంటుంది. అందులో ప్రాసెసరు వేగము గిగాహెర్ట్జులలో కనిపిస్తుంది. ఒకే ఆటలో ఒకే ఘట్టమును తెల్లవారుజామున అయిదు గంటలకు, మధ్యాహ్నము మూడు గంటలకు ఆడి, అయిదేసి నిమిషములకు ఆ వేగమును, గది ఉష్ణోగ్రతను వ్రాసి గ్రాఫు గీయవలెను. మధ్యాహ్నపు గీత మాత్రమే పది నిమిషముల తరువాత క్రిందికి వంగితే కారణము స్పష్టము. రెండు గీతలూ సమముగా ఉండి, ఆట రెండు వేళలా మందముగానే ఉంటే, తెర చుక్కలను 1280, 720కు తగ్గించి మళ్ళీ చూడవలెను. అప్పుడు దిద్దవలసిన చుక్కలు రెండుంబావు వంతులు తగ్గుతాయి. బొమ్మల సంఖ్య బాగా పెరిగితే రంగులు దిద్దేవాడు చాలలేదు. పెరగకపోతే ప్రాసెసరు చాలలేదు. కొత్త కార్డు వలన ప్రయోజనము మొదటి సందర్భములోనే. అప్పుడు కూడ ఆట అమరికలలో నీడల నాణ్యతను ఒక మెట్టు దించి, వారము రోజులు ఆడి చూచి, ఆ తరువాత దుకాణమునకు వెళ్ళవచ్చును.