పాతకలప కొనునపుడు – ఆస్కూ కొయ్యను గూర్చి

హైదరాబాదు పడమటి దిక్కున మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందు, 1998లో సైబర్ టవర్సు తెరచిన నాటినుండి కట్టడములకు విరామము లేదు. క్రొత్తది కట్టుచోట పాతది కూలును. కూలినచోట కలప అమ్మకమునకు వచ్చును. దూలమో, గుంజయో చవుకగా దొరకెనని బండి కట్టించుకొని తెచ్చుకొను సభ్యులకొఱకు మే మీ సంగతులను వ్రాయుచున్నాము.

కొయ్యకు చెదలు పట్టకుండ మందెక్కించు విద్యలో మన తెలుగువారైన సొంఠి కామేశముగారి పేరు జగద్విఖ్యాతము. ఆయన దేహరాదూను అటవీ పరిశోధనాలయమున పనిచేయుచు, 1933లో రాగి, క్రోమియము, పాషాణములతో గూడిన మందును కనిపెట్టిరి. దానిని నీట గలిపి ఒత్తిడితో కొయ్యలోని కెక్కింతురు. పాషాణము, రాగి యను రెంటి రసాయన సంకేతములను గూర్చి దానికి ఆస్కూ యని పేరిడిరి. 1938లో అమెరికాలో పేటెంటు లభించెను. తీగస్తంభములకును కంచెగుంజలకును అనేక దేశములందు వాడుకయయ్యెను. రాగి బూజును, పాషాణము పురుగును అడ్డగించును. క్రోమియము ఆ రెంటిని కొయ్యనారకు బంధించి వానకు కరగిపోకుండ నిలుపును. కావుననే యేండ్లు గడచినను విషము కొయ్యలోనే యుండును. 2003 చివర అమెరికా తయారీదారులు ఇండ్ల వాడుకకు దీనిని మానిరి.

ఈ విషమును తీయవచ్చునా? తీయవచ్చును. కొయ్యను చిన్న ముక్కలుచేసి ఆక్జాలిక్ ఆమ్లమున నానబెట్టినచో లోహములు చాలవరకు దిగును. కొయ్యను కుళ్లించు కొన్ని బూజులు ఆ యామ్లమును తామే పుట్టించును గనుక వానిచేతను ఈ పని చేయించి చూచిరి. డెన్మార్కులో విద్యుత్తుతో వేరుచేసిరి. కాని వ్యయము మెండు. దిగిన ద్రావకమును విషమే. పెరటిలో చేయదగిన పని కాదు. నగరము చేరువ దుండిగల్లున ప్రమాదకర వ్యర్థముల కేంద్రము కలదు. పెద్దమొత్తమున కూల్చువారు అట్టిచోటికి పంపుటయే యుక్తము.

రైతునకు అసలు అపాయము పొయ్యివద్ద. కాల్చినపుడు పాషాణము కొంత పొగతో లేచును, తక్కినది బూడిదలో నిలుచును. ఆ బూడిద ఉప్పగా నుండుటచే పశువులు నాకి మరణించిన సంగతులు ఇతర దేశములందు కలవు. మనము బూడిదతో అంట్లు తోముదుము, విత్తనములలో కలుపుదుము, వంగమొక్కలపై చల్లుదుము!

క్రొత్తకొయ్య పచ్చగా నుండును. ఎండకు వెలిసిన పిమ్మట కంటితో పోల్చుట కష్టము. కావున పూర్వోత్తరములు తెలియని కలపను వంటచెఱకు చేయరాదు. కుడితితొట్టికిని, గాదెకును, కూరమడి గట్టునకును కూడదు. కంచెకు నిలుపవచ్చును, కోసిన పొట్టును మాత్రము పెంటకుప్పలో వేయరాదు. యంత్రములు వచ్చు పెట్టెచెక్కలపై ‘హెచ్‌టి’ ముద్ర వేడిమితో శుద్ధిచేసినదనియు, ‘ఎంబి’ ముద్ర మిథైల్ బ్రోమైడు పొగ పట్టించినదనియు తెలుపును; ఆ ముద్రలకును ఆస్కూకును సంబంధము లేదు.