గడప దగ్గర నిలిచే నీళ్లు

మన ఊళ్లలో ఖరీఫ్ అంటే వానాకాలం పంట. ఒమన్‌లోని సలాలాలో ఖరీఫ్ అంటే జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా కురిసే తుంపర, కమ్ముకునే మంచు. మిగతా గల్ఫ్ ఎండకు మాడుతుంటే ఇక్కడి కొండలు పచ్చబడతాయి. చూడ్డానికి వచ్చేవాళ్లకు అది పండగ. ఇళ్ల మరమ్మతులు చేసే మాకు చేతినిండా పని. తడిసిన బయటి దర్వాజలు వారాల తరబడి ఆరవు.

కుళ్లు ఎక్కువగా అడుగు నుంచే మొదలవుతుంది. నిలువు చెక్క కింద కోసిన కొన స్పంజిలా నీళ్లు పీలుస్తుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు పట్టి లోపల్నుంచి తినేస్తుంది. పైన రంగు మాత్రం బాగానే ఉంటుంది. అందుకే మేము కంటిని నమ్మం, స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూస్తాం. మెత్తగా దిగిందంటే కుళ్లినట్టే.

చిన్న గుంటయితే కుళ్లు గీకేసి, బాగా ఆరనిచ్చి ఎపాక్సీ నింపుతాం. అడుగంతా పోతే, పైన జానెడు గట్టి చెక్క కూడా కలిపి ఏటవాలుగా కోసి, అదే జాతి ముక్క అతికిస్తాం. కోసిన కొనకు ప్రైమర్, గోడకు తగిలే వైపు తారు తప్పనిసరి. తడి చెక్కకు పుట్టీ పెట్టి రంగేస్తే కుళ్లును మూతపెట్టి పెంచినట్టే.

ఇన్ని తెలిసిన మాకే దెబ్బ తగిలింది. జగిత్యాల దగ్గర మా ఊళ్లో, గల్ఫ్ సంపాదనతో కట్టుకున్న ఇల్లు. సెలవు మీద పోగానే అమ్మ అన్నది: "బిడ్డా, దర్వాజ కింద మెత్తవడ్డది. దుకాణపోడు మోసం జేసిండు. ఇది టేకు కాదు కావచ్చు."

చూస్తే అది టేకే. మోసం ఎవరిదీ కాదు, తప్పు మాది. వరండాకు కొత్త టైల్స్ వేసేటప్పుడు "గడపకు సమానంగా లేపండి" అని ఇక్కడి నుంచి ఫోన్‌లో చెప్పింది మేమే. దాంతో వాన నీళ్లు, శుక్రవారం గడప కడిగిన నీళ్లు బయటికి పోయే దారి లేక చెక్క కిందికి చేరాయి.

గడప కడగొద్దని అమ్మతో ఎట్లా అంటాం? గడప ముందు టైల్స్ తీయించి, వాకిట్లోకి వాలు పెట్టించాం. కుళ్లిన అడుగులు కోయించి, నిలువు చెక్కల కింద రాతి ముక్కలు పెట్టించాం. కడిగాక పొడిగుడ్డతో తుడవమని మాత్రం చెప్పాం.

ఇక్కడుండి ఊళ్లో ఇల్లు కట్టించుకుంటున్న అన్నదమ్ములకు ఒక్క మాట. ఫోటోల్లో తలుపు నగిషీ చూసి మురిసిపోకండి. గడప ముందు చెంబెడు నీళ్లు పోయించి వీడియో పంపమనండి. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూసుకున్నాకే మేస్త్రీకి పైసలు పంపండి.