పశువుకు పూత మందు: ఇంటి వాడకం వేరు, అమ్మకం వేరు

సైనిక్‌పురి: మాజీ సైనికుల కోసం వెలసిన ఈ కాలనీలో కుక్కలను పెంచేవారు ఎక్కువ. జిల్లాలోని పల్లెల్లో ఆవులు, గేదెలు ఎక్కువ. కుక్కకైనా గేదెకైనా గజ్జి గజ్జే, పిడుదు పిడుదే. పై పూత మందుకు కావలసిన సరుకు కూడా చాలావరకు వంటింట్లోనూ పెరట్లోనూ ఉండేదే: నూనె, పసుపు, వేపాకు, వెల్లుల్లి. ఇంటిల్లిపాదీ కలిసి కాచి, సీసాలకెత్తి అమ్ముకుంటే నాలుగు డబ్బులు రావా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఆలోచన మంచిదే. చిక్కంతా సీసా మీద అంటించే కాగితం దగ్గర మొదలవుతుంది.

1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం మనుషుల మందులకే పరిమితం కాదు. పశువుల రోగాలకు లోపలికి తాగించేదైనా, పైన పూసేదైనా ఆ చట్టం కిందికే వస్తుంది. ఆయుర్వేదం పేరు పెట్టినా తప్పించుకోలేరు. తయారీకి లైసెన్సు కావాలి, శుభ్రమైన ప్రత్యేక గదులు, పరీక్షలు, లెక్కల పుస్తకాలు కావాలి. వంటగదికి లైసెన్సు ఇవ్వరు. తమాషా ఏమిటంటే అదే చట్టంలో సౌందర్య సాధనం అంటే మనిషి ఒంటికి వాడేదే. కాబట్టి కుక్కను కడిగే షాంపూ ఆ నిర్వచనంలోకి రాదు. కానీ ఆ షాంపూ సీసా మీదే ‘గజ్జి నయమవుతుంది’ అని అచ్చువేస్తే అది మందు అయి కూర్చుంటుంది.

రైతు తన పశువు కోసం తాను కాచుకోవడం వేరే సంగతి. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన ఎన్. పుణ్యమూర్తి రూపొందించిన మూలికా వైద్యాన్ని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ రైతుల్లో ప్రచారం చేస్తోంది. చర్మం మీద పుండ్లకు ఆ పద్ధతి ఇది: కుప్పింటాకు, వేపాకు, తులసి ఆకు, గోరింటాకు ఒక్కొక్క గుప్పెడు, వెల్లుల్లి 10 రెబ్బలు, పసుపు 20 గ్రాములు కలిపి నూరాలి. అర లీటరు కొబ్బరి నూనెలో గాని, నువ్వుల నూనెలో గాని వేసి కాచి చల్లార్చాలి. పుండును శుభ్రంగా కడిగి పూయాలి. పుండులో పురుగులు పడి ఉంటే మొదటి రోజు సీతాఫలం ఆకు ముద్ద గాని, కర్పూరం కలిపిన కొబ్బరి నూనె గాని పెడతారు. సీతాఫలం గింజల పొడి మాత్రం కంట్లో పడితే చూపుకే ముప్పు. పిల్లలను దూరంగా ఉంచాలి.

పిడుదుల విషయంలో ఒంటికి పూసినంత మాత్రాన పని కాదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి రాలి రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. కొట్టం గోడల పగుళ్లు వదిలేసి పశువుకు ఎంత మందు రాసినా మళ్లీ మొదటికే వస్తుంది. పగుళ్లు పూడ్చి సున్నం కొట్టించాలి. బి.హెచ్.సి. పొడి దులపడం కొందరికి పాత అలవాటు. ప్రభుత్వం దానిని 1997లోనే నిషేధించింది. కాలిన ఇంజను ఆయిలు పూయడం అంతకన్నా తెలివితక్కువ పని. పశువు ఒళ్లు నాకుతుంది కదా!

ఇక ముద్ద చర్మ వ్యాధి దగ్గర పూత మందు ఓడిపోతుంది. 1929లో ఆఫ్రికాలోని జాంబియాలో మొదట కనిపించిన ఈ వైరస్ జబ్బు 2019లో ఒడిశాలో అడుగుపెట్టింది. 2022లో దేశంలో లక్షకు పైగా పశువులను పొట్టన పెట్టుకుంది. ఒళ్లంతా గడ్డలు, జ్వరం, పాలు తగ్గిపోవడం దీని లక్షణాలు. దోమలు, కుట్టే ఈగలు, పిడుదులు దీన్ని ఒక పశువు నుంచి మరొక పశువుకు మోస్తాయి. పూత మందు పైన పుండును మాన్పుతుందే గాని లోపలి వైరస్‌ను ఏమీ చేయలేదు. దానికి ముందే టీకా వేయించాలి. చాలా కాలం మేకల బొబ్బ రోగం టీకానే ఆవులకు వేస్తూ వచ్చారు.

ఈ జిల్లాలోనే, శామీర్‌పేట వైపు తుర్కపల్లిలో, భార్యాభర్తలు కృష్ణ ఎల్ల, సుచిత్ర ఎల్ల 1996లో స్థాపించిన భారత్ బయోటెక్ ఉంది. ఒక రకంగా ఇదీ కుటుంబ వ్యాపారమే. కృష్ణ ఎల్ల రైతు కుటుంబంలో పుట్టినవారు. ఈ సంస్థకు చెందిన బయోవెట్ కర్ణాటకలో తయారుచేసే ముద్ద చర్మ వ్యాధి టీకాకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం లైసెన్సు ఇచ్చింది. హిస్సార్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ వేరుచేసిన వైరస్‌తో దీన్ని రూపొందించారు. మూడు నెలలు దాటిన పశువుకు ఏడాదికి ఒక్క సూది. టీకా వేసిన పశువును, జబ్బు తగిలి కోలుకున్న పశువును రక్తపరీక్షతో వేరుగా గుర్తించవచ్చునని తయారీదారులు చెబుతున్నారు.

కుక్కలు, పిల్లులు పెంచేవారికి ఒక మాట. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం. పాలిచ్చే పశువుకు గజ్జి కోసం ఐవర్‌మెక్టిన్ సూది వేయించాలంటే ఆ పాలు ఎన్నాళ్లు వాడరాదో డాక్టరును ముందే అడగాలి. ఆస్పత్రికి తోలుకుపోలేని పశువు కోసం 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.